కనుమ మీది బాట

రాయదుర్గం గుట్ట ఎక్కుతూ పుణ్యవతి కాలు జారింది.

కింద కంకర కొడుతున్న, తల నెరిసిన బుచ్చమ్మ సుత్తె పడేసి ఉరికొచ్చింది. రెక్క పట్టుకుని ఆపింది.

"దెబ్బ తాకిందా పంతులమ్మా?"

"లేదు. నువ్వెళ్లి నీ పని చూసుకోమ్మా," అంది పుణ్యవతి విసుగ్గా. వెనకున్న ఐదుగురు విద్యార్థినులు నవ్వు ఆపుకుంటున్నారు మరి.

అది 1975, మే నెల. పుణ్యవతి పట్నంలో ఆడపిల్లల కాలేజీలో భూగోళం చెబుతుంది. సెలవుల్లో పిల్లల్ని లడఖ్ తీసుకెళ్లి, పదమూడు వేల అడుగుల కనుమను కాలినడకన దాటించాలని పట్టుబట్టింది.

ప్రిన్సిపాల్ చలపతిరావు ఒక్కటే మాట అన్నాడు.

"ఒక్క పిల్ల దాటలేకపోయినా మీ కొండల క్లబ్బు మూసేస్తానమ్మా. మళ్లీ అడగొద్దు."

అందుకే ప్రతి ఆదివారం ఈ బండల మీద సాధన.

"గింత కష్టపడి యాడికి పోతున్నరు?" అడిగింది బుచ్చమ్మ.

"లడఖ్. కార్గిల్ దాటాక పెద్ద కనుమ ఉంది. అంతా మంచు. నీకు తెలీదులే."

బుచ్చమ్మ చేతుల దుమ్ము దులుపుకుంది.

"గట్లయితే గిట్ల ఉరుకొద్దు బిడ్డా. ఆ ఎత్తుల గాలి పల్చగుంటది. పోంగనే రెండు దినాలు ఊకె కూసోర్రి. దూప కాకున్నా నీళ్లు తాగుర్రి. ఎవరికన్న తలకాయ నొస్తే మర్లి కిందికి దిగుర్రి. కొండ యాడికి పోదు."

"మా దగ్గర పుస్తకాలున్నాయిలేమ్మా."

వీరలక్ష్మి అనే పిల్ల కిసుక్కున నవ్వింది. బుచ్చమ్మ కూడా నవ్వి, సుత్తె అందుకుంది.

జూన్ చివర్లో, కనుమ ఇంకో రెండు గంటల దూరం ఉందనగా, ఆ వీరలక్ష్మే కూలబడిపోయింది.

"మేడమ్, తల పగిలిపోతోందండీ."

వెంటనే వాంతి చేసుకుంది. పెదవులు నీలంగా మారాయి.

"సామాన్ల గుర్రం మీద కూర్చోబెట్టి దాటించేద్దామండీ. రెండు గంటలేగా!" అన్నారు మిగతావాళ్లు.

పుణ్యవతి పైకి చూసింది. కనుమ చెయ్యి చాస్తే అందేలా ఉంది. చలపతిరావు మాట గుర్తొచ్చింది. ఆ వెనకే కంకర కొట్టే మనిషి మాట.

"దిగుదాం. అందరం."

"ఇంత దూరం వచ్చాకా మేడమ్?"

"కొండ ఎక్కడికీ పోదు."

కింది ఊళ్లో రెండు రోజులున్నారు. నీళ్లు తాగారు, నిద్రపోయారు. వీరలక్ష్మి లేచి ఆకలేస్తోందంది.

మూడో రోజు మళ్లీ బయల్దేరారు. ఇరవై అడుగులు వేయడం, కాసేపు ఆగడం. మళ్లీ ఇరవై.

కనుమ నెత్తిన రాళ్ల కుప్పను మొదట ముట్టుకున్నది వీరలక్ష్మి. ఆరుగురూ ఒకరినొకరు పట్టుకుని గొంతులు బొంగురుపోయేదాకా అరిచారు. పుణ్యవతి ఏడ్చేసింది. గాలికి కన్నీళ్లు చెంపల మీదే చల్లబడ్డాయి.

నాంపల్లి స్టేషన్లో చలపతిరావే స్వయంగా దండలు వేశాడు.

"ఆ కనుమను కాలినడకన దాటిన తొలి తెలుగు ఆడవాళ్లు వీళ్లే! క్లబ్బు మూయడం కాదు, వచ్చే ఏడు పాతికమందిని పంపుతాను!"

చప్పట్ల మధ్య వీరలక్ష్మి పుణ్యవతి చెవిలో అడిగింది.

"మేడమ్, గుట్ట దగ్గర ఆవిడ పేరేంటండీ?"

పుణ్యవతికి తెలియదు.

ఆ ఆదివారమే ఆరుగురూ శాలువా పట్టుకుని రాయదుర్గం వెళ్లారు. కంకర కుప్ప దగ్గర వేరే మనిషి కూర్చుని ఉంది. బుచ్చమ్మ చెల్లెలు కిష్టమ్మ.

"బుచ్చక్క లేదు పంతులమ్మా. మీ లడఖ్ ముచ్చట నాకు చెప్పింది. పది దినాలాయె, అస్సాం అవతల అరునాచల్ దిక్కు పోయింది. గాడ గుట్టల్ల కొత్త రోడ్డు ఏస్తున్నరంట. గుత్తేదారు మనిషిని పంపి పిలిపించుకున్నడు."

"అయ్యో! ఈ వయసులో అంత కొండల్లో తట్ట మోయగలదా?"

కిష్టమ్మ సుత్తె ఆపి, వాళ్లను ఎగాదిగా చూసింది.

"తట్ట మోసుడేంది? పదమూడేండ్ల కింద, కార్గిల్ అవతల బాటే లేని ఆ గుట్ట మీదికి నలభై మందిని ఎంటవెట్టుకొని ఎక్కి, మొన్న మీరు నడిచొచ్చిన బాట తొలిచి, ఒక్క పానం సుత పోకుండ అందర్ని ఇంటికి తోల్కొచ్చిన మేస్త్రి మా అక్కనే!"