నోటి లెక్క, గోడ లెక్క

“పగలగొట్టడం ఎన్నాళ్ళు? ముందది చెప్పండి.”

టైల్స్ నమూనాల పుస్తకం కాంట్రాక్టర్ చేతిలో తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. వచ్చిన పెద్దాయన రంగులు చూడలేదు. రేటు ఊసెత్తలేదు. ఖాళీ హాల్లోకి అడుగుపెడుతూనే ఈ ప్రశ్న.

“రండి సార్, కూర్చోండి. మీకోసమే పొద్దుట్నుంచీ చూస్తున్నా.”

“నాకోసమా! ఏ కాంట్రాక్టరూ నాకింత మర్యాద చేసిన పాపాన పోలేదు,” అంటూ పెద్దాయన కిటికీ గట్టు మీద కూర్చున్నాడు. కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే రబ్బరు చెప్పులు. మనిషి తీరిగ్గా ఉన్నాడు, చూపు మాత్రం తీరిగ్గా లేదు.

కాంట్రాక్టర్ లోలోపల కూడికలు మొదలుపెట్టాడు. ఈ ఇంటి సంగతి ఇప్పటిదాకా ఓనరు మేనల్లుడితో ఫోన్లోనే నడిచింది. “మామయ్య ఆదివారం పదింటికి ఫ్లాటుకొస్తాడు. రెండు నెలలు దాటుతుందంటే మాత్రం వేరేవాళ్ళకిచ్చేస్తాడు” అని ఆ కుర్రాడు ముందే చెప్పాడు. పని పోతే మళ్ళీ దొరుకుతుంది, పనివాడు పోతే దొరకడు. టైల్స్ మేస్త్రీ ఖాళీగా కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్నాడు. ఈ పని చేతికి రాకపోతే, వాణ్ణి పక్కవీధి కాంట్రాక్టర్ ఎగరేసుకుపోవడానికి కాచుక్కూర్చున్నాడు.

“మొత్తం రెండు నెలల్లో అప్పజెప్పేస్తాను సార్.”

“మీ రెండు నెలల్లో ఎన్ని నెలలుంటాయండీ?”

కాంట్రాక్టర్ నవ్వబోయి ఆగాడు. పెద్దాయన నవ్వడం లేదు.

“మూడో అంతస్తులో వంటిల్లు బాగుచేస్తామన్నవాళ్ళూ ఇలాగే అన్నారు. పోయిన వేసవిలో మొదలైతే ఈ వేసవిలో పొయ్యి వెలిగింది. నాకు తీపి కబుర్లొద్దు. ఏ పని ఎప్పుడో వరసగా చెప్పండి.”

రేటు అడగని మనిషిని కాంట్రాక్టర్ తన జన్మలో చూడలేదు. అడగట్లేదంటే, రేటు ఇంకెక్కడో కుదిరిపోయిందన్నమాట. పక్కవీధివాడి కాగితం ఈయన జేబులో ఉండే ఉంటుంది. ఇక్కడ ఆరా తీసి, అక్కడ తేల్చుకుంటాడు.

“సరే, బాత్రూముల్లో పాత టైల్స్ లేపాక నీళ్ళు నిలబెట్టి చూస్తారా?” పెద్దాయన వదల్లేదు.

“చూస్తాం సార్. ఒక రోజంతా నిలబెడతాం.”

“ఒక రోజు చాలదు. పెద్ద బాత్రూంలో ఆ మూల పైపు దగ్గర కారుతోంది. అక్కడ జాగ్రత్త.”

కాంట్రాక్టర్ వెళ్ళి చూసొచ్చాడు. నేల ఎండిపోయి ఉంది. ఎక్కడా తడి మచ్చ లేదు.

“పైకేం కనబడట్లేదే! మీకెలా తెలుసు సార్?”

“మూడేళ్ళుగా చూస్తూనే ఉన్నానుగా.”

అనుమానం ఇంకో మెట్టెక్కింది. ఈయన ఇంజనీరైనా అయ్యుండాలి, ఇంజనీర్ని తెచ్చి చూపించైనా ఉండాలి. ఇలాంటివాడి దగ్గర బుకాయిస్తే ఉన్న ఆశ కూడా ఊడుతుంది.

“సార్, ఒక్క మాట. మీకింత తొందర దేనికో చెబితే, దాన్నిబట్టి నేనూ సర్దుకుంటాను.”

పెద్దాయన గొంతు తగ్గింది. “మా అమ్మాయికి నెలలు నిండాయి. బిడ్డను తీసుకుని ఇంటికొస్తానంటోంది. తొలిచూలు. మీరు రెండు నెలలంటే నేను నమ్మి రమ్మంటాను. తీరా వచ్చాక ఇక్కడ గోడలు కొడుతూ ఉంటే, ఆ పసిగుడ్డును ఎత్తుకుని ఎక్కడికి పోవాలి? మీరు అబద్ధమాడితే ముంచేది నన్ను కాదు, దాన్ని.”

కాంట్రాక్టర్ వ్యాపారంలో రెండు లెక్కలు. కస్టమర్‌కి చెప్పేది నోటి లెక్క. పనివాళ్ళకి చెప్పేది గోడ లెక్క. గోడ పగిలేదాకా మొదటిది, పగిలాక రెండోది. పగిలిన గోడను వదిలి ఏ కస్టమరూ ఎక్కడికీ పోలేడు. ఇన్నేళ్ళుగా ఇల్లు గడిచింది ఆ కిటుకు మీదే. గోడ పగలకముందే గోడ లెక్క చెప్పడమంటే, వచ్చిన బేరాన్ని చేతులారా తలుపు దాకా సాగనంపడమే.

“ఐదు నెలలు సార్,” అన్నాడు చివరికి.

“ఊఁ. విప్పి చెప్పండి.”

“పగలగొట్టడం, చెత్త దింపడం రెండు వారాలు. తర్వాత పైపులకీ కరెంటుకీ గోడలు గాడి కొట్టాలి, అదో నెల. ఆ పైన పూత ఆరాలి. ఆరకముందే రంగు వేస్తే పొక్కులొస్తాయి. టైల్స్ కోత మూడో నెలాఖరుకి అయిపోతుంది. అక్కణ్ణుంచి చెక్కపని. తలుపులూ బీరువాలూ బయటే కోయించి తెస్తాను, ఇక్కడ బిగింపే. చివర్న రంగులు.”

“అంటే మోతంతా మూడో నెలతో సరి?”

“సరి. ఆ తర్వాత అడపాదడపా డ్రిల్లింగు ఉంటుంది. అది కూడా మధ్యాహ్నం పెట్టించను. నా మాటగా రాసుకోండి.”

పెద్దాయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఏదో లెక్క వేసుకున్నాడు. కాంట్రాక్టర్ నమూనాల పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. పక్కవీధివాడికి పండగే.

“బావుంది,” అన్నాడు పెద్దాయన లేస్తూ. “అమ్మాయిని మూడు నెలలూ అత్తగారింట్లోనే ఉండమంటాను. ఆవిడ దీన్ని కన్నకూతురి కంటే బాగా చూస్తుంది. ఇంత నిజం చెప్పిన కాంట్రాక్టర్‌ని ఇదే చూడటం.”

కాంట్రాక్టర్‌కి తన చెవుల మీద నమ్మకం కలగలేదు. ఐదు నెలలని విని కూడా మెచ్చుకునే మనిషి! ఇన్నాళ్ళూ అనవసరంగా అబద్ధాలాడి గొంతు అరగదీసుకున్నాననిపించింది. టైల్స్ మేస్త్రీకి ఫోన్ చెయ్యడానికి చెయ్యి అప్పుడే జేబులోకి పోయింది.

“చాలా సంతోషం సార్. మరి పని ఎప్పుడు మొదలుపెట్టమంటారు?”

“అది ఈ ఇంటాయన్ని అడగండి, మేముండేది కింది ఫ్లాట్లో.”