పంట లేని పొలం

"మట్టికి పెట్టే ఆ గ్యాసు డబ్బా ఒకటి ఇయ్యి సిన్నాన్నా," అంది దుర్గాభవాని, కొట్టు మెట్టెక్కుతూనే.

ఒడిశాలోని కొల్నారలో ఎరువులు, విత్తనాలు అమ్మే కూర్మారావు తలెత్తి చూశాడు. ఆమె పుట్టింటి ఊరివాడే, వరస కలిపి పిలుస్తుంది. ఎండన పడి వచ్చిన మనిషి మంచినీళ్ళు కూడా అడగకుండా సరుకు అడిగిందంటే, అవసరం సరుకుతో కాదని అతనికి తెలుసు.

ఆ గ్యాసు పొలాలకు అమ్మడం ఎప్పుడో ఆపేశారని చెప్పాడు. ఓడరేవుల్లో సరుకుకి పురుగు పట్టకుండా పెట్టే లైసెన్సుదార్లకు తప్ప ఎవరికీ దొరకదన్నాడు. అది పైకి పోయి ఎండలోని విషాన్ని ఆపే ఓజోన్ పొరను తినేస్తుందన్నాడు. అయినా ఇప్పుడు దాని పనేముంది, మీ ఆయన అమర్‌నాథ్ అల్లం వేసే మట్టిని తడిపి పైన ప్లాస్టిక్ షీటు పరిచాడు కదా, ఆ షీటు తన కొట్లోదే కదా అన్నాడు.

"ఆ షీటే నా కొంప ముంచింది," అంది ఆమె.

కూర్మారావు స్టూలు ముందుకు తోశాడు. ఆమె కూర్చోలేదు.

ఆమె లెక్క సూటిగా ఉంది. గ్యాసు పెడితే మట్టిలోని కుళ్ళు తెగులు రెండు మూడు రోజుల్లో చస్తుంది. షీటు కింద ఎండతో ఉడికించి చంపాలంటే నెలన్నర. ఆ నెలన్నరా తోటల ఆఫీసు నుంచి శుభశ్రీ మేడం స్కూటీ మీద వచ్చి మట్టి ఎంత వేడెక్కిందో చూడాలి. సూర్యుడు నడినెత్తికొచ్చినప్పుడే చూడాలట. పక్కన రైతు ఉండాలట. అందుకని ఊరంతా తలుపులేసుకుని పడుకునే వేళకు తన మొగుడు అమర్‌నాథ్ పొలానికి బయలుదేరుతున్నాడు.

"పంట లేదు, కాపలా లేదు. ఒట్టి మట్టి. ఒట్టి మట్టికాడికి ఇస్త్రీ సొక్కా ఏసుకొని ఎల్తాడేటి మొగోడు?"

కూర్మారావుకు నవ్వొచ్చింది కానీ బయటపెట్టలేదు. సరుకు అడిగినవాళ్ళ ముందు నవ్వితే వాళ్ళు పక్క కొట్టుకు పోతారు.

చొక్కా ఒక్కటే కాదంది. సీసాతో మజ్జిగ కూడా వెళ్తోంది. కాపురానికొచ్చిన దగ్గర్నుంచి తనకో గ్లాసు నీళ్ళు అందించని మనిషి, ఆ మజ్జిగలో కరివేపాకు నలిపి మరీ వేస్తున్నాడు. ఆవిడది ఒడియా, ఇతనిది తెలుగు. అయినా ఇద్దరి మధ్యా మాటలు తరగడం లేదు. ఒకరోజు వెనకాలే వెళ్ళి గట్టు మీద నుంచి చూసింది. మట్టిలో గుచ్చిన థర్మామీటరు మీదకు ఇద్దరూ వంగి ఉన్నారు. మధ్యలో గాలి దూరే సందు లేదు.

"తలకాయలు రెండు, అంకె ఒకటి. ఒకలు సదివితే సాలదేటి?" అంది. "గ్యాసెట్టేస్తే మట్టి బాగైపోద్ది. ఇంకావిడ రానక్కర్లేదు."

"మరి ఆకాశం మాటేటమ్మి?"

"ఆకాశానికి సిల్లు పడితే లోకమంతా పంచుకుంటాది. నా కాపరానికి సిల్లు పడితే నాకొక్కదానికే."

ఆ లెక్కలో కూర్మారావుకు తప్పు దొరకలేదు. అందుకని వేరే లెక్క తీశాడు. అసూయ మూట విప్పకుండా కొన్న సరుకు లాంటిది, ముందు విప్పి చూసుకోవాలన్నాడు. వెనకాలే వెళ్ళావు కదా, వంగడం కాక ఇంకేమైనా చూశావా అని అడిగాడు. లేదంది. ఊళ్ళో ఎవరైనా నోరు జారారా? లేదు. మీ అత్తగారు? ఆమె అయితే ఊరుకునే మనిషే కాదు, కానీ ఏమీ అనలేదు.

నిరుడు మీ అల్లం సగం కుళ్ళిపోయింది, ఆ మంట మీద మనిషి పొలం చుట్టూ తిరగడా అన్నాడు కూర్మారావు. వచ్చినప్పుడల్లా మేడం ఫొటో తీసి ఆఫీసుకు పంపుతుంది, అందుకే ఇస్త్రీ చొక్కా. ఆవిడ ఎండకు సొమ్మసిల్లితే ఈ పొలాన్ని పట్టించుకునేవాళ్ళుండరు, అందుకే మజ్జిగ. కల్యాణసింగ్‌పూర్‌లో, మునిగుడలో కూడా ఆవిడ చూసే పొలాలున్నాయి. అక్కడి రైతులకూ పెళ్ళాలున్నారు. వాళ్ళెవరూ గ్యాసు కోసం రాలేదు.

"సూడమ్మి, నిజంగా గిరాకీ ఉన్న సరుకైతే అడిగేవోలు ఇద్దరైనా ఉంటారు. ఈ అనుమానం నీ ఒక్కదాని కాడే ఉంది. ఒక్కలే అడిగే సరుకు నేను కొట్లో ఎట్టను."

దుర్గాభవాని స్టూలు మీద కూర్చుంది. అతను అందించిన గ్లాసెడు నీళ్ళూ తాగి, ముఖం తుడుచుకుని, ఇంట్లో ఈ మాట ఎత్తొద్దని చెప్పింది. తానే రేపు మజ్జిగ చేసి పంపుతానని కూడా అంది. ఆ మాట అన్నప్పుడు కొంచెం నవ్వింది.

ఆమె లేవబోతుండగా కొట్టు ముందు ఒక మోటార్‌సైకిల్ ఆగింది. హెల్మెట్ చేతిలో పట్టుకుని లోపలికొచ్చిన మనిషి గళ్ళ చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయి ఉంది. ఇటూ అటూ చూసి, ఒడియా కలిసిన తెలుగులో గొంతు తగ్గించి అడిగాడు. మట్టిలో పెట్టే ఆ పాత గ్యాసు, ఇప్పుడు అమ్మకూడదంటున్నారే, అది ఎక్కడైనా దొరుకుతుందా అని.

"ఏ పొలానికి బాబూ?" అన్నాడు కూర్మారావు.

"ఇక్కడే, అమర్‌నాథ్ అని. అతని అల్లం పొలానికి."

లేవబోయిన దుర్గాభవాని మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. కూర్మారావు ఆమె వైపు చూడకుండా, ఆ పొలంతో తమకేం సంబంధమని అడిగాడు.

"పొలంతో సంబంధం లేదు," అన్నాడతను. "అక్కడికి వచ్చే మేడం నా భార్య."