సినిమా హాల్లో సణుగుడు

"చూశావా ఆ వెధవని! సినిమాకొచ్చి ఫోన్లో ఆటలాడుతున్నాడు," అన్నాడు గ్విలిమ్, భార్య నెరిస్ చెవిలో.

స్వాన్సీ సినిమా హాల్లో, ముందు వరుస బట్టతలాయన చేతిలో ఫోను వెలుగుతోంది.

"వెళ్ళి ఆపమను."

"నేనా? వాడికుండొద్దూ సిగ్గు! ఇందాక క్యూలో మన ముందు దూరింది కూడా ఇలాంటిదే. పైగా ఇక్కడి టీ, ఒట్టి కుడితి!"

"దూరినావిడని ఏమన్నావు?"

"ఏమంటాను? గట్టిగా దగ్గాను."

తెర మీద హీరో ఏడుస్తున్నాడు. నెరిస్‌కూ కళ్ళు చెమర్చాయి.

"వీడి ఏడుపు చూడు, పంటినొప్పి వచ్చినట్టు!"

నెరిస్ లేచి ముందు వరుసకు వెళ్ళింది.

"కాస్త ఆ ఫోను ఆపుతారా?"

"అయ్యో, క్షమించండి," అంటూ ఆయన ఫోను జేబులో పెట్టేశాడు. "ఇంకేమైనా ఇబ్బందా?"

"ఉంది. వెనకాల మా ఆయన. ఇక్కడ కూర్చోవచ్చా?"

ఆయన నవ్వి, పక్క సీట్లోంచి తన కోటు తీసేశాడు.

గ్విలిమ్‌కు ఒళ్ళు మండింది. ఎంత సిగ్గులేని మనుషులో చెబుదామని పక్కకు తిరిగాడు. వినడానికి అక్కడ ఎవరూ లేరు.

ఇన్నేళ్ళలో నెరిస్ తన పక్కన కూర్చుని ఒక్క సినిమా అయినా ప్రశాంతంగా చూసిందా అన్న అనుమానం అతనికి మొదటిసారి వచ్చింది.