మంచి కంటి పట్టీ

"రెండుసార్లు కోశారు. ఇప్పుడేమో కన్ను చూడటం లేదంటారు. ప్రయోగాలకు మా పిల్లే దొరికిందా మీకు?"

దర్జీ బల్ల మీద గుద్దాడు. ఎవరిదో చొక్కా కాజాలు సగంలో వదిలేసి కొట్టు నుంచి తిన్నగా వచ్చాడు. మెడలో టేపు అలాగే ఉంది. పక్కన భార్య. ఆమె ఒళ్లో ఇంకా నడక రాని కూతురు. వెనక బెంచీ మీద అతని తల్లి.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. పుట్టేలోపే పోవాల్సిన రక్తనాళాలు పాప ఎడమకంట్లో మిగిలిపోయాయని, ఇలాంటి కంట్లో శుక్లం తీసినా మళ్లీ పొర కమ్ముతుందని, ఒత్తిడి పెరుగుతుందని మొదట్లోనే చెప్పానంది. పొర తీసేశాం, ఒత్తిడి చుక్కలతో అదుపులోనే ఉంది, కన్ను మాత్రం చూడటం నేర్చుకోలేదంది.

"మంచి కన్ను మూస్తేనే ఇది పని మొదలుపెడుతుంది. పట్టీ సరిగ్గా కడుతున్నారా?"

పాప తల్లికి ఒళ్లు మండింది. జిగురు పట్టీకి చర్మం లేచిపోతే గుడ్డ పట్టీ కడుతున్నానంది. మొదట్లో పిల్ల గుక్కపట్టి ఏడ్చేదట. చంటిదాన్ని గుడ్డిదాన్ని చేసి కూర్చోబెడతావా అని అత్తగారు దెప్పేదట. ఆవిడతో మాటలు మానేసి మరీ కట్టిందట.

"ఇప్పుడు పట్టీతోనే ఆడుకుంటోంది. చూపు లేకుండానే ఆడుతోందా?"

సంచిలోంచి పట్టీ తీసి పాప కుడికంటికి కట్టింది. మొగుడి మెడలోని టేపు లాగి, చప్పుడు కాకుండా అటూ ఇటూ ఆడించింది. పాప తల టేపు వెంటే తిరిగింది.

"ఇప్పుడు చెప్పండి," అన్నాడు దర్జీ.

డాక్టరమ్మ పట్టీ విప్పి, ఆ కంటిని తన అరచేత్తో మూసింది. మళ్లీ ఆడించమంది. టేపు ఊగింది. పాప తల కదల్లేదు. కాసేపటికి ఏడుపందుకుంది.

డాక్టరమ్మ పట్టీని కిటికీకి ఎదురుగా పట్టుకుంది. మధ్యలో చిన్న రంధ్రం, అందులోంచి వెలుతురు.

తల్లి వెనక్కి తిరిగింది.

"నా బిడ్డ కన్ను పోగొట్టారు కదత్తయ్యా."

"నా కళ్లకే శుక్లాలు. సూదిలో దారమే ఎక్కించలేను, నేనేం చేస్తానే?"

కోడలు ఆ మాట నమ్మలేదు. పట్టీ లాక్కుని రంధ్రం మీద వేలు పెట్టింది. అంచు చుట్టూ, గుడ్డ రంగు దారంతోనే, సన్నగా కాజా కుట్టి ఉంది.