ఆ పద్దెనిమిది లైన్లు

"అమ్మా, ఇది పొడుగైంది."

టైపు చేసే పిల్ల కాగితం మీద నుంచి తల ఎత్తకుండానే అంది.

నాగలతకు చిర్రెత్తుకొచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆమె కవితలు చేత్తో రాసి పోస్టు చేస్తూనే ఉంది. ఒక్కటీ అచ్చు కాలేదు. ఖమ్మం పత్రిక వాళ్ల కవితల పోటీకి ఆ రోజే ఆఖరు. ఈమెయిల్లోనే పంపాలన్నారు. అందుకే దమ్మపేట నుంచి భద్రాచలం పని మీద వచ్చి, బస్టాండు ఎదురుగా ఉన్న ఈ డీటీపీ సెంటర్ మెట్లెక్కింది.

"పొడుగేంటమ్మాయ్?"

"నిబంధనల్ల ఇరవై అయిదు లైన్లు దాటొద్దని ఉంది. మీది నలభై మూడు."

"కవిత్వాన్ని ఎవరైనా లెక్కపెట్టి చదువుతారా?"

"చదవరు. లెక్కపెట్టి పక్కన పెడతరు."

ఆ పిల్ల పెన్సిల్‌తో ఒకచోట చూపించింది.

"ఇరవై అయిదో లైన్ కాడ నాకు ఒళ్లు జలదరించింది. ఆడ ఆపితే సరిపోద్ది కదా! తర్వాత అంతా సమాజమా మేలుకో, మనిషీ మేలుకో అనే ఉంది. నిద్రపోయేటోళ్లు కవితలు చదవరు కదమ్మా?"

జిరాక్స్ కోసం నిలబడ్డవాళ్లు కిసుక్కున నవ్వారు.

నాగలత ముఖం వేడెక్కింది.

"ఏ ఊరు నీది?"

"తండా."

"ఇంట్లో తెలుగే మాట్లాడరు. నాకు కవిత్వం చెబుతున్నావా? ఉన్నదున్నట్టు కొట్టి పంపించు."

ఆ పిల్ల కీబోర్డు దగ్గరికి లాక్కుంది.

దమ్మపేట బస్సు హారన్ కొట్టింది. నాగలత పరుగెత్తింది.

మూడు నెలల తర్వాత ఫోన్ వచ్చింది.

"నాగలత గారేనా? నేను పత్రిక సంపాదకుణ్ణి, జయప్రకాశ్‌ను. మీ 'ఆఖరి పడవ'కు మొదటి బహుమతి."

ఆమె ఫోన్ చెవికి ఆనించుకునే, తోటలో కోసి పడేసిన పామాయిల్ గెలల పక్కన కూలబడింది.

"ఎవరే? ఎవరైనా పోయారా?" భర్త పిచ్చయ్య కంగారుగా వచ్చాడు.

"పోలేదండీ. వచ్చింది."

"ఏమొచ్చింది?"

"మొదటిది."

పిచ్చయ్యకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"ముప్పై ఏళ్లు కరెంటు బిల్లు వెనకాల కూడా చోటు వదల్లేదు కదే నువ్వు!" అని పెద్దగా నవ్వి, గెలలు కోసే కూలీలందరికీ మిఠాయి తెప్పించాడు.

పత్రిక వచ్చింది. నాగలత తన పేజీ తెరిచింది. చదివింది. మళ్లీ చదివింది.

"ఏమండీ, నా కవిత కోసేశారు! చివరి పద్దెనిమిది లైన్లు లేవు!"

"బహుమతి ఇచ్చారుగా?"

"ఇస్తే? సభలోనే ఆ ఎడిటర్ని కడిగేస్తాను. మొత్తం నలభై మూడూ చదివే వస్తాను."

ఖమ్మంలో సభ. హాలు నిండిపోయింది. తను రాసిన కాగితమే పట్టుకొని నాగలత మైకు ముందు నిలబడింది.

ముంపులో పోయిన పుట్టినూరి కవిత అది. చదువుతూ చదువుతూ అక్కడికి వచ్చింది.

"అందరం పడవెక్కాం
అమ్మ ఒక్కతే వెనక్కి నడిచింది
మునిగిపోయే ఇంటి ముందు
ముగ్గు పెట్టి వచ్చింది."

ముందు వరసలో ఒక ముసలామె పమిట చెంగు కళ్లకు అద్దుకుంది.

తర్వాతి లైను: ఓ సమాజమా, మేలుకో.

నాగలత తలెత్తి చూసింది. ఆ హాల్లో ఎవరూ నిద్రపోవడం లేదు.

కాగితం మడిచేసింది.

"అంతేనండీ," అంది.

హాలు హాలంతా లేచి నిలబడింది. చప్పట్లు ఆగలేదు. పిచ్చయ్య అందరికంటే ఆలస్యంగా ఆపాడు.

కిందికి దిగాక ఆమె సిగ్గుపడుతూ జయప్రకాశ్ దగ్గరికి వెళ్లింది.

"మీతో పోట్లాడదామనే వచ్చానండీ. కోసి మంచిపనే చేశారు."

"మేమేం కోశామమ్మా? మాకు వచ్చిందే ఇరవై అయిదు లైన్లు. నలభై మూడు వస్తే మొదటి రోజే పక్కన పెట్టేవాళ్లం. అయినా పోటీ గట్టిదే. మీకూ రెండో బహుమతి వచ్చినామెకూ అర మార్కే తేడా. కొత్త ఉద్యోగంలో సెలవు దొరకలేదని పాపం ఆమె రాలేదు."

నాగలతకు ఇరవై అయిదు అన్న మాట తర్వాత ఇంకేమీ వినబడలేదు.

మర్నాడు పత్రిక పట్టుకొని మొదటి బస్సుకే భద్రాచలం వెళ్లింది. సభలో కప్పిన శాలువా ఆ పిల్లకు కప్పాలి. నోరు జారినందుకు చేతులు పట్టుకొని క్షమించమని అడగాలి.

డీటీపీ సెంటర్ షట్టరు దించి ఉంది.

"టైపు కొట్టే గోరి కోసమా?" పక్కన కొబ్బరికాయలు అమ్మే ముత్యాలు అడిగింది. "షాపు ఎత్తేసిండ్రు. హైదరాబాద్‌ల పని దొరికిందని పోయి పదిరోజులాయె."

నాగలత మెట్టు మీద కూర్చుండిపోయింది. పేరు కూడా ఇప్పుడే తెలిసింది.

ముత్యాలు ఆమె చేతిలోని పత్రిక వైపు చూసింది.

"పడవ కవితమ్మ మీరేనా? ఆ దినం నాకు చదివి ఇనిపించింది. అక్కా, నేను గూడ పంపిన గానీ గెలిచేది గిదే, సూడు అన్నది."

"తను కూడానా? ఏం పంపింది?"

"అయ్యో, మీరు చూడనే లేదా?"

ఇన్నాళ్లుగా తన కవిత దగ్గరే తెరుచుకుంటున్న ఆ పత్రికను ముత్యాలు అందుకొని ఒక్క పేజీ తిప్పింది. రెండో బహుమతి కవిత పైన, టైపు చేసే పిల్ల ఫోటో ఉంది.