'ఎలా జరిగింది?' అన్న గడి

పారామెడిక్ డిగ్రీ ఆఖరి ఏడాది. అంబులెన్సులో శిక్షణ డ్యూటీలో ఉండగా ఆ చిరునామా వినబడింది. అక్కావాళ్లిల్లు! అక్కకే ఏదో అయిందనుకున్నాను.

తీరా వెళ్తే మెట్ల కింద పడి ఉన్నది బావ. మోకాలి కింద ఎముక విరిగింది. అక్క పైమెట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి ఉంది. చెప్పొద్దూ, నా కడుపు చల్లబడింది.

అయినా కాలికి బద్ద జాగ్రత్తగానే కట్టాను. "నొప్పి పదికి ఎంత బావా?"

"పదికి పది! మీ అక్కే తోసింది నన్ను. రాయి, అలాగే రాయి!" పళ్లు నూరాడు.

ఫారంలో 'ఎలా జరిగింది?' అన్న గడి దగ్గర పెన్ను ఆపాను. "నువ్వు చెప్పక్కా."

"ఏముంది, మెట్లు తడిగా ఉన్నాయి. చూసుకోకుండా జారిపడ్డారు," అంది అక్క తాపీగా.

మెట్ల మీద చుక్క నీరు లేదు. అక్షరం పొల్లు పోకుండా రాశాను.

బావ చూపు నా పెన్ను మీంచి మెట్ల మీదికి వెళ్లింది. గుర్తొచ్చినట్టుంది. మూడేళ్ల కిందట ఇవే మెట్ల కింద అక్క విరిగిన చేత్తో పడి ఉంటే, అంబులెన్సువాళ్లకి ఆయన రాయించిన మాటలే ఇవి. వాళ్లు తలెత్తి అక్క మొహమైనా చూడకుండా రాసుకుపోయారు.

నేను ఈ డిగ్రీలో చేరింది ఆ వారమే.