కాజా మిషన్ పరీక్ష

"దారం తెగితే?" అన్నాడు బ్యాంకు మేనేజరు.

మెకానిక్ కత్తెరతో దారం తెంపాడు. మిషన్ ఠక్కున ఆగింది. ఎర్ర దీపం వెలిగింది. దారం మళ్లీ ఎక్కించగానే ఆగిన కుట్టు దగ్గర నుంచే అందుకుంది.

మేనేజరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. పొద్దున పదింటికి వచ్చిన మనిషి. ఒంటిగంట దాటింది. ఆయనకిచ్చిన టీ చల్లారి మీగడ కట్టింది.

చొక్కాకి కాజాలు కోసి, అంచు కుట్టి, ఎదురు గుండీలు కూడా తనే కుట్టి పడేసే మిషన్ అది. మూడేళ్ల పని. పాత కుట్టుమిషన్లు బాగుచేసి మెకానిక్ సంపాదించిందంతా దాని పొట్టలోకే పోయింది. షెడ్డు అద్దె ఏడు నెలలుగా కట్టలేదు. ఈ అప్పు వస్తే ఇలాంటివి ఇంకో పది చేసి అమ్ముకోవచ్చు. రాకపోతే సోమవారం షెడ్డుకి తాళం పడుతుంది, మిషన్ పాత ఇనుము కింద పోతుంది.

"మందం బట్ట పెట్టు."

పెట్టాడు. కుట్టింది.

"జారే బట్ట?"

అదీ కుట్టింది.

"ఇంట్లో దుప్పట్లకి కూడా గుండీలు కుట్టేశాడు సార్ ఈ మహానుభావుడు," అంది మెకానిక్ భార్య. "కప్పుకోవడం మానేశాం. తొడుక్కుని పడుకుంటున్నాం."

మేనేజరు నవ్వలేదు. కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు.

"నువ్వూరుకోవే," మెకానిక్ గొణిగాడు. "ఆయన లోతుగా చూస్తున్నారు. ఇలా చూసేవాళ్లే ఇస్తారు."

"ఆపకుండా రెండొందల కాజాలు," అన్నాడు మేనేజరు.

మిషన్ ఆపకుండా కుట్టింది. ఆయన ఒక్కొక్క కాజానీ వెలుతురుకి పెట్టి చూశాడు. ఒక్కటీ వంకర పోలేదు. చూస్తున్నకొద్దీ ఆయన భుజాలు వాలిపోయాయి. ఆయనకి ఆకలేస్తోందేమోనని మెకానిక్ తన భార్యకి సైగ చేశాడు.

"ఇదొక్కటి ఎంతమంది పని చేస్తుంది?"

మెకానిక్ ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు.

"పదిమంది పని సార్! ఈ వీధిలో పాత రకం కాజా మిషన్లు నలభై రెండున్నాయి. నావి ఐదు దిగితే చాలు, అవన్నీ మూలపడతాయి. రాసి పెట్టుకోండి!"

మేనేజరు రాసుకోలేదు. కలానికి మూత పెట్టాడు.

"అప్పు రాదయ్యా."

మెకానిక్ మిషన్ వైపు తిరిగాడు. భార్యే ముందుకొచ్చింది.

"లోపమేంటో చెప్పండి సార్. సోమవారం లోపల సరిచేస్తాడు. తిండి మానేసైనా చేస్తాడు."

"లోపం లేదమ్మా. దొరుకుతుందేమోనని మూడు గంటలుగా చూస్తున్నాను."

ఫైలు చంకలో పెట్టుకుని ఆయన వీధిలోకి దిగాడు. రెండు వైపులా కొట్లలో ఆ పాత రకం మిషన్లు టకటకలాడుతున్నాయి. ఆయన్ని చూసి కుట్టేవాళ్లు ఒక్కొక్కరే పని ఆపి లేచి నిలబడ్డారు.

ఆ నలభై రెండు మిషన్లూ కిందటేడు ఆయన బ్యాంకే ఐదేళ్ల వాయిదాల మీద అప్పిచ్చి కొనిపించినవి.